రాతి మీద ఒకట్లు

మిన్నెసోటాలోని ఆ ఊళ్లో చలికాలంలో పోయినవాళ్లను వెంటనే పూడ్చరు. నేల బిగుసుకుపోయి గడ్డపారకు లొంగదు. పెట్టెను శ్మశానం గేటు పక్కనున్న రాతి కొట్టుగదిలో పెట్టి తాళం వేస్తారు. మంచు కరిగాక, ఏప్రిల్ ఆఖర్న, గొయ్యి తవ్వుతారు. మే నెల చివర సమాధుల పండగ వస్తుంది. ఆ రోజుకి రాయి నిలబెట్టి, కడిగి, పూలు పెట్టకపోతే ఇంటివాళ్లు ఊళ్లో తలెత్తుకోలేరు. అందుకని డిసెంబరులో పోయిన ఆర్విడ్ సోల్‌బర్గ్ ఇంకా ఆ కొట్లోనే ఉన్నాడు గానీ, ఆయన రాయి మాత్రం జనవరికల్లా తయారైపోయింది.

రాయి చూసుకోమని మేస్త్రీ రీటర్ కబురు పెడితే, ఆర్విడ్ భార్య థోరా జారకుండా బూట్లకు ఇనుప పట్టీలు కట్టుకుని మంచులో నడిచి అతని షెడ్డుకి వెళ్లింది. పెళ్లయిన ఆడది బడిలో పాఠాలు చెప్పకూడదని స్కూలు బోర్డు ఆమెను ఇంటికి పంపి ఇరవై మూడేళ్లు దాటింది. అయినా ఊరు ఊరంతా ఆమెను టీచరమ్మా అనే పిలుస్తుంది. బోర్డు ఉద్యోగం పీకగలిగింది గానీ పిలుపు పీకలేకపోయింది.

రాయి బూడిదరంగు గ్రానైటు, జంట రాయి. మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ఆర్విడ్ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కుడివైపు థోరా పేరు, పుట్టిన ఏడు, ఆ తరవాత ఖాళీ. బతికుండగానే తమ పేరు రాతి మీద చూసుకోవడం ఆ ఊరి ఆడవాళ్లకు అలవాటే, థోరా కూడా అటు పెద్దగా చూడలేదు. ఆమె చూసింది ఆర్విడ్ పేరు కింద వరసను. అంచు నుంచి మధ్య గీత దాకా, వెంట్రుకవాసి ఖాళీ లేకుండా, పదిహేడు ఒకట్లు చెక్కి ఉన్నాయి. ఒకట్ల సంగతి ఆమెకు ముందే తెలుసు. తెలియనిది వాటి కిందున్న ఒకే ఒక్క మాట: అఖండం.

"ఈ మాట ఎవరు చెక్కమన్నారు రీటర్ గారూ?"

"ఇంకెవరు, ఆయనే. అక్టోబర్లో వచ్చి బొమ్మ గీసిచ్చారు. పదిహేడు, లెక్కపెట్టుకో, ఒక్కటి తగ్గినా దెయ్యమై నీ షెడ్లో కాపురం పెడతానన్నారు." రీటర్ నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఏం టీచరమ్మా, తప్పు పడిందా?"

"తప్పో ఒప్పో తెలీదు. అదే కదా ఏడుపు. ఇంకా తేలని మాట రాతి మీదకెక్కేసింది."

రీటర్‌కి ఇవేవీ పట్టవు, అతని పట్టింపంతా రాయే. తన పనిలో లోపం లేదని చూపించడానికి చిన్న సుత్తి తీసి రాతి మూల మీద తట్టాడు. రాయి ఖంగుమంది. పక్కనే గోడకు ఆనించిన ఇంకో రాతిని తట్టాడు. అది డబ్‌మని చప్పుడు చేసి ఊరుకుంది.

"దీన్లో చీలికుంది. పైకి కనపడదు. ఎక్కడుందని అడిగితే నేనూ చెప్పలేను. కానీ ఉంది."

కుండల దగ్గర కూడా అంతే, తట్టి చూడందే ఎవరూ కొనరు. థోరా ఆ రెండు రాళ్లనూ వేలి కణుపుతో తట్టి చూసింది. తరవాత చేతి తొడుగులు తొడుక్కుంది.

"ఆయన రాయిని ఇక్కడే ఉంచండి. పండగ లోపల నేను తేల్చి చెప్తాను. నా పేరు పక్కన అబద్ధం ఉండటానికి వీల్లేదు."

*

ఒకట్లు మాత్రమే ఉండే సంఖ్యలంటే లెక్కల మాస్టారు ఆర్విడ్‌కి పిచ్చి. పదకొండును ఒకటీ, తానూ తప్ప ఇంకే సంఖ్యా శేషం లేకుండా భాగించలేదు. అలాంటిదాన్ని బళ్లో ప్రధాన సంఖ్య అంటారు, ఆర్విడ్ అఖండం అనేవాడు. మూడు ఒకట్లు నిలబడవు, ముప్పయ్యేడు మూళ్లు నూట పదకొండు. ఐదు ఒకట్లూ నిలబడవు, నలభై ఒకటిని రెండొందల డెబ్భై ఒకటితో గుణిస్తే వచ్చేస్తాయి. ఏడు ఒకట్లను పెళ్లికి ముందే ఆర్విడ్ విరగ్గొట్టి, రెండు వందల ముప్పై తొమ్మిది, నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది అనే ఆ రెండు ముక్కల్నీ చీటీ మీద రాసి బడి వరండాలో థోరా చేతిలో పెట్టాడు. ఉంగరం తరవాతెప్పుడో వచ్చింది. పదకొండు ఒకట్లను పెళ్లయిన మొదటి చలికాలంలో థోరా విరగ్గొట్టింది. పదమూడింటిని ఇద్దరూ కలిసి. పదిహేడు మాత్రం కొరుకుడు పడలేదు.

ఏ పుస్తకంలోనో ఎవరో ఎప్పుడో రాసే ఉంటారని తెలిసినవాళ్లు అనేవాళ్లు. "లెక్కల పుస్తకం చివర జవాబులు చూసే పిల్లల్ని గోడకుర్చీ వేయించినవాణ్ని, నేను చూస్తానా?" అనేవాడు ఆర్విడ్. ఆ ఇంట్లో అది చట్టం. థోరా కూడా దాన్ని దాటలేదు, ఎందుకంటే ఆ చట్టం ఆమెకూ ఇష్టమే.

వాళ్లు పని చేసే తీరు ఇదీ. పదిహేడు ఒకట్లను భాగించేది ఏదైనా సరే, ముప్పై నాలుగో ఎక్కంలోని ఏదో ఒక సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువై తీరాలి. అలాంటివి కూడా లెక్కలేనన్ని. వాటిలో మూడుకి లొంగేవి, ఏడుకి లొంగేవి, పదకొండుకి లొంగేవి ముందే ఏరి పారేయాలి. అందుకు ఒక్కోదానికి ఒక్కో అట్ట. అట్ట నిండా గళ్లు. లొంగని సంఖ్య గడిలో రైలు టికెట్లు కొట్టే కత్తెరతో రంధ్రం. అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, లెక్క ప్రకారం జరిపి, వంటింటి కిటికీకి ఆనిస్తే, బయట మంచు మీది వెలుతురు ఏ రంధ్రం గుండా ఇవతలికి వస్తుందో ఆ సంఖ్యతోనే భాగించి చూడాలి. ఆర్విడ్ కిటికీ దగ్గర నిలబడి చుక్కలు చదివేవాడు, థోరా బల్ల దగ్గర కూర్చుని భాగించేది. ఆర్విడ్ ఒక చేత్తో అట్టలు, రెండో చేత్తో జామ్ పూసిన రొట్టె పట్టుకునేవాడు. ఆ రొట్టె మీద జరిగినన్ని గొడవలు ఆ ఇంట్లో ఇంకే విషయం మీదా జరగలేదు.

ఇలా ముప్పై లక్షల దాకా వెళ్లారు. ఎక్కడా విరగలేదు. ఆర్విడ్‌కి అక్కడితో నమ్మకం కుదిరిపోయింది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"ఇది విరగదే థోరా. ఇన్నాళ్లు చూశాం కదా, నాకు తెలుస్తోంది."

"చూడాల్సింది పది కోట్లు దాటి ఉంది. మనం చూసింది గుమ్మం దాకా. దీన్ని నిరూపణ అనరు."

"నువ్వు నా పెళ్లానివా, పరీక్షాధికారివా?"

"ముందు పరీక్షాధికారినే. నచ్చి పెళ్లి చేసుకున్నా."

ఇంకో దారి ఉందని ఇద్దరికీ తెలుసు. ముక్క ఎక్కడుందో వెతక్కుండానే, సంఖ్యను తట్టి చూసే దారి. మూడును తీసుకుని, ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువసార్లు వేసిన మూళ్లన్నీ గుణించి, వచ్చిందాన్ని ఆ సంఖ్యతోనే భాగించాలి. సంఖ్య అఖండమైతే చివరికి ఒకటే మిగిలి తీరాలి. ఇంకేది మిగిలినా లోపల చీలిక ఉన్నట్టే. అన్ని మూళ్లనూ విడివిడిగా గుణించనక్కర్లేదు, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తూ, భాగిస్తూ పోతే యాభై చిల్లర మెట్లలో పైకి చేరొచ్చు. కానీ ప్రతి మెట్టులోనూ పదిహేడంకెల గుణకారం, ఆపైన భాగహారం. మధ్యలో ఒక్క అంకె జారితే శ్రమంతా నీళ్లపాలు. థోరా ఎన్నోసార్లు మొదలుపెడదామంది. ఆర్విడ్ వాయిదా వేస్తూ వచ్చాడు. "విరిగిందని చెప్పి ముక్కలు చూపించని లెక్క నాకెందుకు" అనేవాడు. అది సాకు. ఆయన భయపడ్డాడు. థోరాకి ఆ సంగతి తెలుసు, తెలిసీ ఒత్తిడి చేయలేదు. ఇప్పుడు ఆ మొహమాటానికి ఫలితం రాతి మీద కనిపిస్తోంది.

*

మాంసం కొట్లో గోధుమరంగు కాగితం చుట్ట ఒకటి కొనుక్కొచ్చి, వంటింటి బల్ల మీద పరిచి, థోరా పని మొదలుపెట్టింది. తట్టడానికి మూడును ఎంచుకుంది, పదిని కాదు. పదితో అయితే లెక్క చిటికెలో తేలుతుంది. కానీ ఒకట్లతో కట్టిన సంఖ్యకు పది దగ్గరి చుట్టం, ఎప్పుడు తట్టినా మోగినట్టే వినిపిస్తుంది. చుట్టం సాక్ష్యం చెల్లదు.

ప్రతి మెట్టునూ తొమ్మిదితో ఒకసారి, పదకొండుతో ఒకసారి సరిచూసుకునేది. ఆర్విడ్ అక్క గుడ్రున్ రెండిళ్ల అవతల ఉంటుంది. రోజూ పదింటికి కాఫీ వేళకి వచ్చి, టోపీ తీయకుండానే బల్ల మీది కాగితాన్ని చూసి పెదవి విరిచేది. డెబ్భై ఏళ్ల మనిషి, నోరు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది.

"కొండను తవ్వి ఎలకను పట్టడం అంటే ఇదే కాబోలు."

"ఎలక ఉందో లేదో తేల్చడానికే తవ్వుతున్నా వదినా."

"సమాధి మీద బైబిలు మాట రాయించుకోవాల్సినవాడు అంకెలు రాయించుకున్నాడు, అదే సిగ్గుచేటు. మళ్లీ అవి నిజమా కాదా అని నీ తంటా! ఎవరు సరిచూస్తారే వాటిని? కాకులా?"

"నేను సరిచూస్తా."

"నువ్వు కూడా దాని కిందే ఉంటావుగా."

"అందుకే. పక్కలో అబద్ధం పెట్టుకుని పడుకోలేను."

గుడ్రున్‌ తను తెచ్చిన అడవి ప్లమ్ జామ్ సీసాను గట్టిగా బల్ల మీద పెట్టి, కాఫీ తనే పోసుకుంది.

ఫిబ్రవరి సగానికి థోరా చివరి మెట్టు ఎక్కింది. ఒకటి రాలేదు. బారెడు సంఖ్య ఒకటి వచ్చి కాగితం మీద అడ్డంగా పడుకుంది. ఆమె దాన్ని నమ్మలేదు. తనవల్లే ఎక్కడో అంకె జారిందనుకుని, చుట్టలోంచి కొత్త కాగితం చింపి, ఈసారి ఐదుతో తట్టింది. మార్చి వచ్చింది. చూరు నుంచి వేలాడే మంచు ఊచలు కారడం మొదలుపెట్టాయి. ఐదుతో కూడా ఒకటి రాలేదు.

థోరా పెన్సిలు కింద పెట్టింది. పదిహేడు ఒకట్లు అఖండం కాదు. ఇరవై రెండేళ్లు ఆర్విడ్ ప్రేమించిన సంఖ్యలో మొదటినుంచీ చీలిక ఉంది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద, తన మీద, ఆ సంఖ్య మీద కూడా.

"అయితే ఆ మాట గీకించెయ్" అంది మర్నాడు గుడ్రున్.

"ముక్కలు దొరికేదాకా గీకించను."

"విరిగిందన్నావు. విరిగినట్టు తెలిసినప్పుడు ముక్కలెక్కడికి పోతాయి?"

"తెలిసేది విరిగిందని మాత్రమే వదినా. ఎక్కడ విరిగిందో ఆ లెక్క చెప్పదు. ముక్కలు చూపించకుండా ఆయన మాటను కొట్టేస్తే ఆయనతో నేను న్యాయంగా వాదించినట్టు కాదు. బతికుండగా ఎప్పుడూ అలా గెలవలేదు, పోయాక గెలుస్తానా?"

గుడ్రున్ ఆమెకేసి వింతగా చూసి, "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా తమ్ముడు తను మొండివాడు చాలక మొండిదాన్ని తెచ్చుకున్నాడు" అని లేచింది.

*

ముక్క ముప్పై లక్షల అవతల ఎక్కడో ఉంటే, పండగ నాటికి కాదు కదా, ఈ జన్మకి కూడా దొరకదు. ఇవతలే ఉంటే, వాళ్లిద్దరూ దాన్ని దాటేసి వెళ్లి ఉండాలి. భాగహారాల్లో తప్పు జరిగే వీలు తక్కువ, ప్రతిదాన్నీ రెండుసార్లు సరిచూసింది థోరాయే. వంట చెడినప్పుడు ముందు గిన్నె చూడాలి. ఆమె అటక మీంచి అట్టల పెట్టె దింపింది.

ఒక్కో అట్టనూ విడిగా కిటికీకి ఆనించి, గడి గడికీ వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మూడు అట్ట బాగుంది. ఏడు అట్ట అంచు నలిగింది గానీ రంధ్రాలన్నీ తెరిచే ఉన్నాయి. పదకొండు అట్టలో కింది వరసకు వచ్చాక ఆమె వేలు ఆగింది. అక్కడ రంధ్రం ఉండాలి. కత్తెర కొట్టిన గుండ్రటి అంచు చేతికి తగులుతోంది. వెలుతురు మాత్రం రావడం లేదు.

థోరా తల్లోంచి పిన్ను తీసి పొడిచింది. ఎండిపోయిన నల్లటి పెచ్చు ఒకటి ఊడి అరచేతిలో పడింది. వాసన చూసింది. తరవాత, ఎందుకో ఆమెకే తెలీదు, నాలుక మీద పెట్టుకుంది. ఎన్నేళ్లయిందో గానీ, ఇంకా తియ్యగానే ఉంది. ప్లమ్ జామ్.

"ఆ చేతులతో అట్టలు ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను!" అని ఖాళీ వంటింట్లో గట్టిగా అరిచింది థోరా. అరిచాక నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడింది, అప్పుడు, డిసెంబరు నుంచి రాని ఏడుపు, ఒక్కసారిగా వచ్చింది. ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని, పెన్సిలు చెక్కుకుంది.

జామ్ ఎప్పుడు పడిందో తెలియదు కాబట్టి, ఆ ఒక్క రంధ్రం గుండా రావాల్సిన సంఖ్యలన్నీ వరసగా రాసుకుంది. అంతకుముందు భాగించినవి కొట్టేసింది. ఏడు మిగిలాయి. వాళ్లు ఇన్నేళ్లలో చూడకుండా వదిలేసినవి ఆ ఏడే. మొదటిదానితో భాగిస్తే శేషం మిగిలింది. రెండోదానికీ మిగిలింది. మూడోది, నాలుగోది కూడా అంతే. ఐదోది ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు. అంకె తరవాత అంకె దింపుకుంటూ, తీసేసుకుంటూ కాగితం చివరికి వచ్చింది. ఆఖరి తీసివేతలో పైన ఏముందో కిందా అదే ఉంది. శేషం సున్నా.

నమ్మకంతో పని లేదు, గుణించి చూస్తే సరి. అటు ఏడంకెల ముక్క, ఇటు పదంకెల ముక్క, 5363222357. వరసలన్నీ వేసి కుడివైపు నుంచి కూడటం మొదలుపెట్టింది. ఒకటి. ఒకటి. ఒకటి. బళ్లోంచి పిల్లలు వరసలో వచ్చినట్టు ఒకట్లు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి, పదిహేడూ వచ్చాయి. కిటికీ అవతల చూరు నీళ్లు టపటపా కారుతున్నాయి.

మధ్యాహ్నం గుడ్రున్ వచ్చి విషయం విని, తన జామ్ సీసాకేసి, మరదలికేసి మార్చి మార్చి చూసింది.

"అంటే తప్పు నా జామ్‌దా?"

"తప్పు మీ తమ్ముడిది వదినా. జామ్ బాగానే ఉంది."

*

ఏప్రిల్ మొదట్లో థోరా మళ్లీ షెడ్డుకి వెళ్లింది. రీటర్ విని, గడ్డం గోక్కుని, రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కొత్త రాయి పండగలోపు కాదు టీచరమ్మా. గని నుంచే రాదు. ఆ మాట గీకితే గుంట పడుతుంది, ఎవరు చూసినా ఇక్కడేదో చెరిపారని తెలుస్తుంది. ఒకట్లు గీకితే ఆయన దెయ్యమై వచ్చేది నా షెడ్డుకే." రాతి అంచు వేలితో తడిమి, "నాకు తెలీక అడుగుతాను. గీకడం తప్ప దారి లేదా? గ్రానైటు మీద తగ్గించడం కష్టం గానీ, కలపడం తేలికే."

థోరా అతనికేసి చూసింది. రీటర్ బెదిరినట్టు, "తప్పుగా అడిగానా?" అన్నాడు.

"లేదు. చాలా సరిగ్గా అడిగారు. ఇంకొకటి కలిపితే పద్దెనిమిది, అది పనికిరాదు. ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే పదకొండుకి లొంగిపోతాయి. ఇంకో రెండు కలిపితే పంతొమ్మిది."

"పంతొమ్మిది విరగదా?"

"తెలీదు."

"మరి?"

"తెలుసుకుంటాను. పండగకి ఇంకా ఏడు వారాలున్నాయి కదా."

ఆ ఏడు వారాలూ ఆమె ఎలా గడిపిందో ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, సగం వేళాకోళంగా, సగం భయంగా. ఉత్తినే తట్టి మోగిందంటే సరిపోదు, మోసగించే సంఖ్యలుంటాయి. ఈసారి నమ్మకం కాదు, నిరూపణ కావాలి. అందుకు ఒక దారి ఉంది: ఒక సంఖ్య అఖండమని తేల్చాలంటే, దానికన్నా ఒకటి తక్కువున్న సంఖ్య ముక్కలన్నీ తెలిస్తే చాలు. పంతొమ్మిది ఒకట్లలోంచి ఒకటి తీసేస్తే, పద్దెనిమిది ఒకట్ల పక్కన ఒక సున్నా. పద్దెనిమిది ఒకట్లు అంటే మొండితనం లేని సంఖ్య, ముట్టుకుంటే ముక్కలవుతుంది. దాని ముక్కలు ఆమె వారంలో ఏరేసింది. అన్నింటిలోకీ పెద్దది మూడు లక్షల ముప్పై మూడు వేల ఆరు వందల అరవై ఏడు. తనకన్నా ముందున్నది అంతగా పగిలిపోయింది కాబట్టే పక్కనున్నదాని గట్టితనం తేల్చడానికి వీలైంది. ఇక పెద్ద సంఖ్యను మొత్తంగా ఒకసారి, గుణకారాల లెక్కలోంచి పెద్ద ముక్కలు తీసేసి ఒక్కోసారి తట్టాలి. మొత్తంగా తడితే ఒకటి రావాలి. ముక్క తీసేసి తడితే ఒకటి రాకూడదు.

ఏప్రిల్ ఆఖర్న గొయ్యి తవ్వారు. పాస్టరు ప్రార్థన చదివాడు, ఆర్విడ్ మట్టిలోకి దిగాడు. థోరా నల్ల కోటుతో నిలబడి ఉన్నంతసేపూ ఎడమచేతి వేళ్ల మీద ఏదో లెక్క నడుస్తూనే ఉంది. గుడ్రున్ మోచేత్తో పొడిచింది.

"ఇప్పుడన్నా ఆపవే. అందరూ రాయేదని అడుగుతున్నారు. మొగుడికి రాయి కూడా పెట్టలేదని అనుకుంటున్నారు."

"అనుకోనీ. పెడతాను, నిజమైంది పెడతాను."

మే నెల మూడో వారంలో, పక్కింటివాళ్లు బంగాళాదుంపలు నాటుతున్న పొద్దున, థోరా ఆఖరి భాగహారం ముగించింది. మొత్తంగా తడితే ఒకటి వచ్చింది. ముక్కలు తీసి తట్టినప్పుడు రాలేదు. అన్నీ ఇంకోసారి సరిచూసుకుంది. పంతొమ్మిది ఒకట్లు విరగవు. పది కోట్ల దాకా కాదు, వంద కోట్ల దాకా కాదు, ఎక్కడా విరగవు. ఆమె కాగితం మడిచి, వంట చేసుకుని, చాలా రోజుల తరవాత కూర్చుని వేడిగా తిన్నది. తింటూ ఎదుటి ఖాళీ కుర్చీతో, "ఇప్పుడు రాయించుకో నీ మాట" అంది.

*

రీటర్ ఉలి తీసుకున్నాడు గానీ పెట్టలేదు.

"టీచరమ్మా, చోటు లేదు. ఆయన వరస గీత దాకా వచ్చేసింది. ఇంకో రెండు చెక్కాలంటే గీత దాటి మీ వైపుకి రావాలి."

"రానీండి."

"ఉన్నవాళ్ల వైపు పేరూ పుట్టిన ఏడూ తప్ప ఏమీ చెక్కం. మా నాన్నా చెక్కలేదు, నేనూ చెక్కలేదు. ఊళ్లోవాళ్లు ఏమంటారో."

"ఊళ్లోవాళ్లు అనాల్సినవన్నీ జనవరి నుంచీ అంటూనే ఉన్నారు. చెక్కండి. గీతకి ఆనుకుని ఉండాలి, మధ్యలో ఖాళీ కనపడకూడదు."

రీటర్ ముందు రాతి మూలను సుత్తితో ఒకసారి తట్టి చూసుకున్నాడు. తరవాత పని మొదలుపెట్టాడు. అతను చెక్కినంతసేపూ ఆమె నిలబడే ఉంది.

సమాధుల పండగ రోజున ఊరంతా శ్మశానంలోనే ఉంది. బకెట్లు, చీపుళ్లు, లైలాక్ పూల గుత్తులు, పిల్లల అరుపులు. సోల్‌బర్గ్‌ల రాయి దగ్గర ఆగి చూసి, తల ఊపి, ఏమీ అర్థం కాకపోయినా అర్థమైనట్టు వెళ్లిపోతున్నారు. గుడ్రున్ పూలు పెట్టి, నడుం పట్టుకుని లేచి, కళ్లద్దాలు సర్దుకుని రాతిని పరీక్షగా చూసింది. తమ్ముడి వైపు ఒకట్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. గీత దాటి ఇవతలున్న రెండింటినీ లెక్కపెట్టింది.

"మొత్తం కలిపితే విరగదంటావు."

"విరగదు."

"ఈసారి జామ్ ఏమీ లేదు కదా?"

"లేదు వదినా. చేతులు కడుక్కునే చేశాను."

గుడ్రున్ తమ్ముడి వైపు చెయ్యి పెట్టింది. ఆమె గొంతు కాస్త తగ్గింది. "వీడివి మటుకే అయితే?"

"విరుగుతుంది. రెండు ముక్కలు."

గుడ్రున్ చెయ్యి గీత దాటి ఇవతలికి వచ్చి, కొత్తగా చెక్కిన, ఇంకా తెల్లగా ఉన్న ఆ రెండు ఒకట్ల మీద ఆగింది.

"మరి నీవి మటుకే అయితే?"

"రెండు ఒకట్లు. పదకొండు." థోరా రాతి మీద పడిన పూరేకును తుడిచేసింది. "అది కూడా విరగదు."

"ఆ సంగతి చెప్పడానికి లెక్కలెందుకే" అంది గుడ్రున్, మరదలి చెయ్యి పట్టుకుని. "అది నాకు ముందే తెలుసు."